దేవదారు సీసాలో పత్తిగింజల నూనె

గుంటూరులో ఎవరికీ తట్టని పని ఒకటి నేను చేశాను. మైక్రోస్కోపు లెన్సు కింద చుక్క వేసుకునే దేవదారు నూనె ఉంటుంది. అందులో పత్తిగింజల నూనె కలిపి కాలేజీలకూ, లాబులకూ ఏళ్ళ తరబడి అమ్మాను. రంగులో తేడా లేదు. వాసన పోకుండా అసలుది ఎంత ఉంచాలో నా ముక్కుతోనే తేల్చుకున్నాను. కొంచెం పలచబడేది. "ఎండలకండీ" అంటే సరిపోయేది, గుంటూరు ఎండల మీద ఏ నింద వేసినా ఎవరూ కాదనరు. కొన్నవాళ్ళలో ఎమ్మెస్సీలు చదివినవాళ్ళున్నారు, బంగారు పతకాలు తెచ్చుకున్నవాళ్ళున్నారు. ఒక్కడంటే ఒక్కడు పట్టుకోలేదు. పట్నంబజారులో పుట్టిన పిల్లకి ఇంతకంటే బిరుదేం కావాలి?

ఇదీ నా గొప్ప. దీని కింద ఉన్నది చెప్పడానికే కూర్చున్నాను. ముప్ఫై ఏళ్ళకు పైగా గుండెల మీద మిరపకాయల బస్తా పెట్టుకుని పడుకుంటున్నాను. పక్కకి తిరిగినా ఘాటే. దించుదామంటే దించేచోటు దొరకలేదు. మీరు దొరికారు. మీరెవరో నాకు తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళయితే తప్పు ఒప్పుకుంటూనే ఎంతకి తగ్గిస్తారని బేరం పెడతాను. అలవాటు.

నాన్నది నూనెల కొట్టు. పెదనాన్న వాళ్ళది మిరపకాయల కమిషన్ వ్యాపారం. కాయకి నూనె చెయ్యి రాసి మెరుపు తేవడం, బస్తా మీద నీళ్ళు చల్లి బరువు తేవడం ఊహ తెలిసినప్పటి నుంచీ చూశాను. దాన్ని మా ఇళ్ళల్లో మోసం అనేవాళ్ళు కాదు. 'సరుకు తయారు చెయ్యడం' అనేవాళ్ళు. నన్ను బ్రాడీపేటలో సైంటిఫిక్ సామాన్ల షాపు ఉన్న ఇంటికి ఇచ్చారు. మా ఆయన మంచివాడు. "వచ్చే నెల ఇస్తా సార్" అని ఎవరన్నా సరే, బీరువాలో ఉన్నదంతా కట్టి ఇచ్చేవాడు. ఆ మంచితనం ఇల్లు గడవనివ్వదని గల్లాపెట్టె దగ్గర నేను కూర్చున్నాను. పరీక్షనాళికలు, గాజు పలకలు, లెన్సులు, ఆసిడ్లు. ఏది దేనికో మొదట్లో తెలియదు. ఎంతకి అమ్మాలో మాత్రం మొదటి రోజే తెలుసు.

దేవదారు నూనె బొంబాయి నుంచి వచ్చేది. ఒక ఏడు పరీక్షల ముందు సరుకు రాలేదు. ఉన్నదాన్ని సాగదీశాను. పుట్టింటి కొట్టు నుంచి శుద్ధిచేసిన పత్తిగింజల నూనె తెప్పించి, గరాటు పెట్టి సీసాల్లో పోశాను. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత బొంబాయి సరుకు మామూలుగా రావడం మొదలైంది. నేను మానలేదు. అవసరం తీరాక కూడా మానలేదు చూడండి, మనిషి బయటపడేది అక్కడే.

ఎస్తేరు మేడం గురించి చెప్పాలి. ఆ పేరు రాయడానికే నాకు ఇంతసేపు పట్టింది.

ఆవిడ గుంటూరులోనే ఒక కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. నల్లపాడులో అద్దెకుండేవారు. తండ్రి ఒంగోలు వైపు ఒక పల్లెలో చర్చి ఉపదేశి, తల్లి మిరప కోతలకి వెళ్ళేది. ఆ ఇంట్లోంచి వచ్చి ఆవిడ ఎమ్మెస్సీ చదివారు. నా దగ్గర బేరం ఆడని మనిషి ఆవిడొక్కరే. చెప్పిన ధర ఇచ్చేసేవారు. ఒకసారి ఉండబట్టలేక, "అదేంటి మేడం, ఒక్క మాటైనా తగ్గించమని అడగరు?" అన్నాను. "మీరు పెంచి చెప్తారని తెలుసు షావుకారమ్మా. అడిగితే తగ్గిస్తారనీ తెలుసు. ఆ రెండింటి మధ్య తిరగడానికి నాకు ఓపిక లేదు" అని నవ్వారు. అప్పటి నుంచి ఆవిడకి ధర సరిగ్గా చెప్పేదాన్ని. నన్ను నేను మెచ్చుకుంటున్నాననుకోకండి. ధర సరిగ్గా చెప్పాను, సరుకు కాదు.

ఎనభైల చివర్లో ఆవిడకి ఒక పిచ్చి పట్టింది. నేనలాగే అనుకున్నాను. వెలుగుతో వస్తువుని పట్టుకోవచ్చట. చేత్తో తాకకుండా, తీగ లేకుండా, ఒట్టి వెలుగుతో. పెద్ద వస్తువుని కాదు, కంటికి ఆననంత చిన్న రేణువుని. పై దేశాల్లో అప్పటికే చేశారు, ఆవిడ పత్రికలో చదివారు. తనే కనిపెట్టానని ఆవిడ ఏనాడూ అనలేదు. గుంటూరులో, ఉన్న సామానుతో, తన చేత్తో చేసి చూపిస్తానన్నారు. అంతే. అంత మాత్రానికే ఎంతమందికి కళ్ళు కుట్టాయో తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

నాకు అర్థమయ్యేలా ఆవిడ చెప్పిన తీరు మర్చిపోలేను. "జిన్నింగు మిల్లులో పైకప్పు చిల్లులోంచి ఎండ పడుతుంది కదమ్మా, అందులో దూది పీచు ఎగురుతూ ఉంటుంది. ఆ పీచుని ఆ ఎండే పట్టుకుని ఆపేస్తే? అదీ నేను చెయ్యబోయేది." ఉత్త ఎండ చాలదు. లేజర్ వెలుగు కావాలి. దాన్ని లెన్సులతో మలిచి, గరాటు మూతి నుంచి మొనకి దిగినట్టు ఒక్క బిందువుకి దింపాలి. గరాటు నడిమి కిరణాలు రేణువుని ముందుకి తోస్తాయి. ఏటవాలుగా వచ్చే అంచు కిరణాలు దాన్ని వెనక్కి, ఆ బిందువు దగ్గరికి లాగుతాయి. లాగుడు గెలిస్తే రేణువు చిక్కుతుంది. తోపుడు గెలిస్తే పోతుంది.

తను చదువుకున్నచోట మూల పడేసిన పాత లేజర్ గొట్టం ఒకటి అడిగి తెచ్చుకున్నారు. మైక్రోస్కోపు కాలేజీది. రేణువులంటారా, గేదెపాలు. పాలల్లో ఉండే వెన్న బిందువులు. నీళ్ళు బాగా కలిపిన పాల చుక్క గాజు పలక మీద వేస్తే ఆ బిందువులు విడివిడిగా తేలుతాయి. "పాలల్లో నీళ్ళు నేనూ కలుపుతున్నాను షావుకారమ్మా, మీ బజారువాళ్ళలాగే. కాకపోతే చెప్పి కలుపుతున్నాను" అన్నారు. నేను పగలబడి నవ్వాను.

మైక్రోస్కోపు లెన్సుకీ గాజు పలకకీ మధ్య దేవదారు నూనె చుక్క ఉండాలి. ఆవిడ మొదట కొన్న చిన్న సీసా అసలుదే. నా పుణ్యం కాదు. సరుకు అప్పుడే దిగింది, కలపడానికి తీరిక దొరకలేదు.

ఆ సీసాతోనే ఆవిడ సాధించారు. వేసవి సెలవులు. కాలేజీలో ఎవరూ లేరు. గాజు పలకల డబ్బా ఇద్దామని నేనే వెళ్ళాను. మధ్యాహ్నం. కిటికీలకి నల్లగుడ్డలు కట్టి ఉన్నాయి, గదంతా ఆవిరి. చెమటలు కక్కుతూ ఆవిడ నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళారు. ఎర్రకాంతి కంట్లో పడకుండా అడ్డం పెట్టిన ఆకుపచ్చ గాజు బిళ్ళలోంచి చూడమన్నారు. చూశాను. బోలెడు గుండ్రటి చుక్కలు వణుకుతూ తిరుగుతున్నాయి. ఆవిడ మర తిప్పి పలకని జరిపారు. చుక్కలన్నీ తిరునాళ్ళలో జనంలా ఒక పక్కకి సాగిపోయాయి. ఒక్కటి మాత్రం కదల్లేదు. నడిమధ్య నిలబడిపోయింది. తర్వాత అద్దాన్ని వెంట్రుకవాసి తిప్పారు. ఆ చుక్క మెల్లగా, పిలిస్తే వచ్చినట్టు, పక్కకి వచ్చింది. ఇటు తిప్పితే ఇటు. అటు తిప్పితే అటు.

నేను దేన్నీ ఊరికే నమ్మే రకం కాదు. రూపాయి బిళ్ళని కూడా రాతిమీద మోగించి చూసుకునే ఇంట్లో పుట్టాను. "ఇంకోసారి తిప్పండి" అన్నాను. తిప్పారు. "నన్ను తిప్పనివ్వండి" అన్నాను. ఇచ్చారు. నా చేత్తో తిప్పాను. వెన్న బిందువు నా వెంట వచ్చింది.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నా కళ్ళతో చూశాను. నా చేత్తో తిప్పాను. ఆవిడ కాకుండా అది చూసిన మనిషి ఈ భూమ్మీద నేనొక్కదాన్నే.

సెలవులయ్యాక ఆవిడ ఈ సంగతి రాసి యూనివర్సిటీకి పంపారు. పీహెచ్‌డీకి చేర్చుకుని, లాబులో ఒక మూల చోటివ్వమని అడిగారు. వచ్చి చూశాకే ఏ సంగతీ చెప్తామన్నారు. ఒక ప్రొఫెసరు వస్తాడని కబురొచ్చింది. చూపించగలిగితే ఆవిడ దారి ఆవిడకి. లేకపోతే లేదు. కాలేజీలో ఫిజిక్సు హెడ్డుకి ఇది మొదటి నుంచీ గిట్టలేదు. సెలవుల్లో ఎన్నిసార్లు పిలిచినా వచ్చి చూడని మనిషి, "ఉపదేశిగారి అమ్మాయి వెలుగుతో మహిమలు చేస్తోందిట" అని స్టాఫ్ రూములో నవ్వించేవాడు. ఆ హెడ్డే కాలేజీ ఆర్డర్లన్నీ నాకు రాసి ఇచ్చేది. ఆ జోకులు నా కౌంటరు దగ్గర కూడా వేశాడు. నవ్వానా? నవ్వాను. ఆర్డరు మీద సంతకం అయ్యేదాకా నవ్వాను.

ప్రొఫెసరు వచ్చే ముందు ఎస్తేరు మేడం నూనె అయిపోయిందని వచ్చారు. "మంచిది ఇవ్వండమ్మా, ఇది చాలా ముఖ్యం" అన్నారు. ఎందుకు ముఖ్యమో కూడా చెప్పారు. ఆ నూనె వెలుగుని అచ్చం గాజు వంచినట్టే వంచాలి. లేకపోతే అంచు కిరణాలు దారి తప్పి బిందువు దగ్గర కలవవు. తన లేజర్ పాతది, బలం బొటాబొటి, అంచు కిరణాలు ఒక్కటి కూడా పోగొట్టుకోలేనన్నారు. విన్నాను. తలూపాను. పై అరలో బొంబాయి నుంచి వచ్చినది వచ్చినట్టే ఉన్న అసలు సీసా ఒకటుంది. అది పెద్ద నర్సింగ్‌హోమ్ డాక్టరుగారికని పక్కన పెట్టాను. పెద్ద ఖాతాకి అసలుది, లెక్చరర్లకి తయారుచేసినది, మా షాపు పద్ధతి. కింద అరలోంచి సీసా తీసి ఇచ్చాను. దాని మూతికి లక్క సీలు కూడా ఉంది. వేసింది నేనే.

ఆ క్షణంలో ఏమనుకున్నాను? ఎన్నోసార్లు అడిగాను నన్ను నేను. ఆవిడకి చెడు చెయ్యాలనుకోలేదు. అసలేమీ అనుకోలేదు. నా చెయ్యి కింద అరకి వెళ్ళింది, అంతే. ఏమీ అనుకోకుండా ఒక మనిషి బతుకుని కింద అరలోంచి తీసి కాగితంలో చుట్టి ఇవ్వొచ్చని మీకు తెలుసా? నాకు తెలుసు.

ఆ రోజు నన్ను కూడా రమ్మన్నారు. "మీరు చూశారుగా షావుకారమ్మా. ఊరికే వచ్చి నిలబడండి, నాకు ధైర్యం" అన్నారు. పట్టుచీర కట్టుకుని మరీ వెళ్ళాను. ఆవిడ నా సీసా సీలు తీసి, చుక్క వేసి, సర్దడం మొదలుపెట్టారు. ఒక్కో వెన్న బిందువు దగ్గరికీ వెలుగు తెచ్చారు. ప్రతిదీ ఒక క్షణం తడబడి, ఎవరో తోసినట్టు దూరం జరిగి, మసకలో కలిసిపోయింది. ఆవిడ లెన్సు తుడిచారు. మళ్ళీ నూనె వేశారు. మళ్ళీ తుడిచారు. మళ్ళీ వేశారు. ఆవిడ వేసే ప్రతి చుక్కా నా సీసాలోదే. అప్పుడు అర్థమైంది నాకు. అంచు కిరణాలు దారి తప్పుతున్నాయి. మిగిలింది తోపుడొక్కటే.

ప్రొఫెసరు వాచీ చూసుకున్నాడు. బస్సుకి వేళవుతోందట. హెడ్డు, "ప్రార్థన చేసుకోమ్మా ఎస్తేరూ, అదే ఆగుతుంది" అన్నాడు. చుట్టూ నిలబడ్డ లెక్చరర్లందరూ నవ్వారు. చదువుకున్నవాళ్ళండీ! వెలుగు గురించి పాఠాలు చెప్పుకుని జీతాలు తీసుకునేవాళ్ళు! ఒక్కడైనా ఆ చుక్కలెందుకు తప్పిపోతున్నాయని అడిగాడా? ఇంకో లెన్సు, ఇంకో సీసా, ఇంకో రోజు అన్నాడా? మా పెదనాన్న వాళ్ళ కొట్లో తూకం తేడా వస్తే మిరపకాయలమ్మే ముసలమ్మకి కూడా రెండోసారి తూచి చూపిస్తాం. వాళ్ళు ఆవిడకి రెండో తూకం కూడా ఇవ్వలేదు. ఆవిడ ఓడిపోవాలనే వచ్చారు వాళ్ళు. మిరప కోతలకి వెళ్ళినావిడ కూతురు వెలుగుని పట్టుకుంటే వాళ్ళ మొహాలు ఎక్కడ పెట్టుకుంటారు?

కోపం వస్తోంది రాస్తుంటే. రానివ్వండి. కానీ ఆ కోపం వెనక దాక్కోవడం నాకు బాగా అలవాటైపోయింది, అందుకే తర్వాత జరిగింది కూడా రాస్తాను.

ఎస్తేరు మేడం నా వైపు చూపించి, "ఈవిడ చూశారండీ" అన్నారు.

ప్రొఫెసరు తిరిగాడు. "ఎవరీవిడ?"

"మనకి సామాను సప్లై చేసే ఆవిడలెండి" అన్నాడు హెడ్డు, నన్నే చూస్తూ.

"ఏమ్మా, నువ్వు చూశావా?"

చూశాను అంటే, మరి ఇవాళ ఎందుకు రాలేదు అంటారు. ఏం మారింది అంటారు. మారింది నూనె ఒక్కటే. హెడ్డు ఆర్డర్లున్నాయి. నా సీలు బల్ల మీదే ఉంది. ఇంత లెక్క రెప్పపాటులో వేశాను, ఆ విద్యలో నన్ను మించినవాళ్ళు లేరు.

"నాకేం తెలుస్తుందండీ, ఏదో చుక్కలు కదిలినట్టుంది" అన్నాను.

ఎస్తేరు మేడం నన్ను కోపంగా చూడలేదు. ఆశ్చర్యంగా చూశారు. ధర సరిగ్గా చెప్పే మనిషి ఇవాళేంటి ఇలా అన్నట్టు.

తర్వాతి సోమవారానికల్లా ఒక కాగితం మీద సంతకం పెట్టాలన్నారు కాలేజీవాళ్ళు ఆవిడని. ఇంతకుముందు చూశానని రాసింది తన చూపు పొరపాటు అని. పెట్టే ముందు ఆవిడ షాపుకి వచ్చారు. మిట్టమధ్యాహ్నం, మా ఆయన భోజనానికి వెళ్ళాడు. చేతిలో నా సీసా.

"షావుకారమ్మా, ఒక్కటి అడుగుతాను, కోప్పడరుగా?"

"అయ్యో, మీ మీద కోపమేంటి మేడం. కూర్చోండి, సోడా తెప్పిస్తాను."

"సోడా వద్దమ్మా. ఇది కంపెనీ సీసాయేనా?"

"మీరేగా సీలు తీసింది."

"తీసింది నేనే. వేసింది ఎవరు అని."

నవ్వాను. నవ్వు బాగా వస్తుంది నాకు. "బాగుందండీ! మిషను ముసలిది, కరెంటు చూస్తే ఉయ్యాలూగుతుంది, పాలు ఏ గేదెవో ఆ గేదెకే తెలియాలి. వాటన్నిటినీ వదిలేసి నా నూనె దొరికిందా?"

"నింద వెయ్యట్లేదు. వాసన చూస్తే ఎందుకో అనుమానం వచ్చింది. పోయినసారిది ఇలా లేదు."

"ఎండలకండీ."

"నూనెలో ఏదన్నా తేడా ఉందని మీరు ఒక్క మాట అనండమ్మా. మీ పేరు బయటికి రానివ్వను. ఇంకో రోజు అడిగి చేసి చూపిస్తాను. తేడా లేదంటారా, అప్పుడు పొరపాటు నాదే. సంతకం పెట్టేస్తాను. చేసిన పని చేశానని తెలిసి కూడా చెయ్యలేదని రాయడం ఎలాగమ్మా? అందుకని అడుగుతున్నా."

అసలు సీసా నా తల మీద అరలోనే ఉంది. చెయ్యెత్తితే అందుతుంది.

చెయ్యెత్తలేదు. ముందుకి చాపాను. కౌంటరు మీద నాన్న ఇచ్చిన ఇత్తడి తక్కెడ ఉండేది. తక్కెడ మీద చెయ్యి వేసి చెప్పిన మాట మా బజారులో ఆఖరి మాట. ఆ తర్వాత గొడవ ఉండదు. కోర్టుకి వెళ్ళేవాళ్ళు కూడా ఆ మాటకి ఆగిపోయేవాళ్ళు. ఆవిడ అడగలేదు. అడక్కముందే వేశాను.

ఆవిడ కంగారుగా నా చెయ్యి పట్టుకుని తీసేశారు. "వద్దమ్మా, ఒట్టెందుకు? ఒట్లు పెట్టుకోకూడదని మాకు చిన్నప్పుడే చెప్తారు. అవునంటే అవును, కాదంటే కాదు. అది చాలు నాకు. కంపెనీదేనా?"

"అవును" అన్నాను.

"సరే మరి" అన్నారు ఆవిడ. సీసా కౌంటరు మీద పెట్టారు. "ఇది మీ దగ్గరే ఉంచండి. ఇంక నాకు పని లేదు."

గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "ఏమీ అనుకోకండి, అనవసరంగా అనుమానపడ్డాను" అన్నారు.

నన్ను క్షమించమని ఆవిడ అడిగారు. ఆవిడ నన్ను.

సోమవారం సంతకం పెట్టారు. కాలేజీవాళ్ళు లేజర్ గొట్టాన్ని అట్టపెట్టెలో పెట్టి సామాన్ల గదిలోకి తోశారట. ఆవిడ దగ్గర లాబు తాళం తీసేసుకున్నారు. ఆ ఏడాది చివరికి ఆవిడ రాజీనామా చేసి, కొత్తపట్నం దగ్గర ఒక స్కూల్లో లెక్కల టీచరుగా చేరారని తెలిసింది. హెడ్డు ఆ సంగతి నా కౌంటరు దగ్గర చెప్పి నవ్వాడు. ఈసారి నేను నవ్వలేదు. అదేదో ధైర్యమన్నట్టు చాలాకాలం చెప్పుకున్నాను నాలో నేను. నవ్వకపోవడం! అదీ నా పోరాటం! ఆర్డరు మాత్రం తీసుకున్నాను.

కొన్నేళ్ళకి ఇంట్లోవాళ్ళందరం కలిసి కొత్తపట్నం సముద్రానికి వెళ్ళాం. సముద్రం చూడటానికని మావాళ్ళు అనుకున్నారు. నేను వెళ్ళింది చెప్పేయాలని. దారంతా మాటలు కూర్చుకున్నాను. రోడ్డు పక్క ఎండురొయ్యలమ్మే ఆవిడ దగ్గర నిలబడి ఉండగా వెనక నుంచి, "షావుకారమ్మా!" అని కేక. జుట్టు సగం నెరిసింది. నవ్వు అదే. మా ఆయన ఆరోగ్యం అడిగారు, షాపు సంగతి అడిగారు. నేను నోరు తెరిచాను. వచ్చిన మాటేమిటో తెలుసా? "ఇదేంటి మేడం, ఇక్కడ రొయ్యలు ఇంత ఖరీదా?" ఏనాడూ బేరం ఆడని మనిషి ఆ అమ్మే ఆవిడ వైపు తిరిగి, "ఒసేవ్, ఆవిడకి తగ్గించి ఇవ్వవే, మా గుంటూరు ఆవిడ" అన్నారు. తగ్గించింది. తెచ్చుకున్నాను. ఇంట్లో అందరూ తిన్నారు, నాకు తప్ప అందరికీ రుచిగా ఉన్నాయి.

ఇప్పుడు ఆ పని లోకమంతా చేస్తోంది. వెలుగుతో కణాలని పట్టుకుని అటూ ఇటూ జరపడం టీవీలో చూపించారు. మా మనవరాలు "భలే ఉంది కదా అమ్మమ్మా" అంది. నేను చేశాను ఆ పని అనబోయాను. నా చేత్తో తిప్పాను, బ్రాడీపేట నుంచి నడిచి వెళ్ళి, వేసవిలో, చెమటలు కారుతుండగా తిప్పాను అనబోయాను. అంటే మిగతాది కూడా చెప్పాలి. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

వాళ్ళ మీద కోపం పోలేదు నాకు. పోదు. వాచీ చూసుకున్న ఆ పెద్దమనిషి మీద, ప్రార్థన చేసుకోమన్నవాడి మీద. వాళ్ళు వెధవలు, ఆ మాట ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాస్తాను. కానీ ఆ వెధవలకి కావలసిన సరుకు ఎవరు సప్లై చేశారు? అన్నీ సప్లై చేసినట్టే అదీ నేనే చేశాను. అందరూ కలుపుతారు, నేనూ కలిపాను అనుకుందామంటే అదీ కుదరదు. కలపడం ఒక తప్పు. చూసింది చూడలేదనడం ఇంకోటి. అవును అన్నది మూడోది. మొదటిదానికి బజారు సాకు ఉంది. రెండోదానికి భయం సాకు ఉంది. మూడోది చెప్పేటప్పుడు షాపులో మేమిద్దరమే ఉన్నాం, నా పేరు బయటికి రానివ్వనని ఆవిడ ముందే అన్నారు. ఆ 'అవును'కి నా దగ్గర ఏ సాకూ లేదు. ఎన్ని అరలు వెతికినా దొరకలేదు.

ఆవిడ ఇప్పుడెక్కడున్నారో కనుక్కోవడం పెద్ద పని కాదు. కనుక్కోలేదు. క్షమిస్తారనే నా భయం. క్షమిస్తే అక్కడితో లెక్క తేలిపోయిందని నేను సంబరపడిపోతాను, నా సంగతి నాకు తెలుసు. అందుకని మీకు చెప్తున్నాను. మీరు క్షమించడానికి మీదేం పోలేదు కనక.

ఇక బిల్లు. ఈ ఒక్కదానికీ బేరం లేదు.

నాకు మిగిలింది, ఆవిడ సీసాలో కల్తీ కలిపి మిగుల్చుకున్న అర సీసా అసలు దేవదారు నూనె. ఇంకొన్నాళ్ళు హెడ్డు ఆర్డర్లు. సగం ధరకి వచ్చిన ఎండురొయ్యలు.

ఎస్తేరు మేడంకి పోయింది, ఆవిడ చేసిన పని. చేశానని చెప్పుకునే హక్కు. లాబులో అడిగిన ఆ మూల. తన కళ్ళ మీద తనకున్న నమ్మకం.

ఇంకొకటుంది, దాని మొత్తం నాకు తెలియదు కాబట్టి ఖాళీగా వదిలేస్తున్నాను. అదే నూనె ఊళ్ళో చిన్న చిన్న రక్తపరీక్షల లాబులకి కూడా వెళ్ళింది. మసకబారిన ఆ పలకల మీద ఎవరి మలేరియా కనబడకుండా పోయిందో అడిగినవాళ్ళు లేరు.

ఆవిడ కౌంటరు మీద వదిలేసి వెళ్ళిన సీసా కూడా రాయాలి. పారబొయ్యలేదు. మూతికి మళ్ళీ లక్క వేసి, మర్నాడే ఇంకొకరికి అమ్మేశాను.

పై అరలో అసలు సీసాని ఆ వారంలోనే డాక్టరుగారి మనిషి వచ్చి పట్టుకెళ్ళాడు. ఖరీదు ఎక్కువన్నాడు. తగ్గించి ఇచ్చాను.